మరకల పిన్ని మూడో ప్రశ్న

మా పిన్ని డ్రైక్లీనింగ్ షాపులో కౌంటర్ దగ్గర కూర్చుని చీటీలు రాయడం నా పని. బాబాయ్ ఇస్త్రీ చేస్తాడు. పిన్ని మరకలు తీస్తుంది. ముప్పై ఏళ్లుగా అదే పని కాబట్టి చుట్టుపక్కల వీధులన్నిటికీ ఆమె మరకల పిన్ని. వయసులో తనకంటే పెద్దవాళ్లు కూడా అలాగే పిలుస్తారు.

బట్ట ముట్టుకునే ముందు ఆమె మూడు ప్రశ్నలు అడుగుతుంది. "ఏం పడింది? ఎప్పుడు పడింది? పడ్డాక మీరేం చేశారు?" మొదటి రెండింటికీ జనం నిజమే చెబుతారు. మూడోదానికి మాత్రం నూటికి తొంభై మంది గోడమీది క్యాలెండర్ వైపు చూస్తూ, "అబ్బే, ఏం చెయ్యలేదండీ" అంటారు. పిన్ని బట్ట వాసన చూసి, "సబ్బు పెట్టి రుద్దారు, ఆనక ఎండలో వేశారు" అంటుంది. వాళ్లు చీటీ తీసుకుని వెళ్లిపోతారు.

వీధి చివర కొత్త షాపొకటి వచ్చింది. దానికి వెబ్‌సైటు ఉందట, మనకీ ఉండాల్సిందేనని బాబాయ్ పట్టుబట్టాడు. ఆ భారం నా నెత్తిన పడింది. నేనూరుకోవచ్చుగా? వారానికి రెండు వ్యాసాలు కూడా పెడతానని గొప్పలు పోయాను.

మొదట న్యాయంగానే మొదలుపెట్టాను. నోటుబుక్కు పట్టుకుని పిన్ని పక్కన కూర్చున్నాను.

"కాఫీ మరక ఎలా పోతుంది పిన్నీ?"

"చూడందే చెప్పలేను."

"సిరా మరక?"

"చూడందే చెప్పలేను."

"పోనీ, మామూలు మరకైతే?"

"మామూలు మరకని నేనింతవరకు చూళ్లేదే."

గంట కూర్చుంటే నోటుబుక్కులో రెండు లైన్లు. వాటిలో రెండోది మొదటిదే. ఇక లాభం లేదని ఏఐని ఆశ్రయించాను. "ముప్పై ఏళ్ల అనుభవం ఉన్న పిన్ని రాసినట్టు మరకల గురించి రాయి" అన్నాను. నేను ఒళ్లు విరుచుకునేలోపే వ్యాసం తయారు. "ప్రియమైన పాఠకులారా! మరక అంటే ఓటమి కాదు, మీ వస్త్రం చెప్పే ఒక కథ. నా సుదీర్ఘ ప్రయాణంలో నేను గ్రహించిన ఏడు రహస్యాలు..." అంటూ పరుగులు తీసింది. మా పిన్ని జన్మలో ఎవర్నీ ప్రియమైన అనలేదు, బాబాయ్‌తో సహా. అయినా చదవడానికి బాగుంది. మొదలూ చివరా చూసుకుని, కింద 'మీ మరకల పిన్ని' అని పెట్టి, కళ్లజోడు నుదుటిమీదికి తోసుకున్న ఆవిడ ఫొటో ఒకటి అతికించాను. పిన్ని ఫోన్లో ఏదీ చదవదు కాబట్టి ఆమెకి చెప్పనూ లేదు. తర్వాతి వ్యాసాలూ అలాగే పెట్టాను; దేన్లోనూ మధ్యలో ఏముందో నేను చూడలేదు. ఈ కథంతా ఆ మధ్యలోనే ఉంది.

మూడు నెలలు తిరిగేసరికి షాపులో రద్దీ పెరిగింది. రోజూ ఎంతమంది సైటు చూశారో బాబాయ్ ఇస్త్రీ బల్ల దగ్గర్నుంచే అరిచి చెప్పేవాడు. విచిత్రంగా, మూడో ప్రశ్నకి జనం ఇప్పుడు క్యాలెండర్ వైపు చూడటం మానేశారు. ఛాతీ విరుచుకుని చెబుతున్నారు: "వేడివేడి నీళ్లలో నిమ్మరసం, వంటసోడా కలిపి అరగంట నానబెట్టానండీ!"

ఐదో మనిషి కూడా అదే చెప్పాక పిన్ని భగ్గుమంది.

"పాలు పడ్డా, గుడ్డు పడ్డా వేడినీళ్లు పోస్తే ఆ మరక ఇంక అక్కడే కాపురం పెడుతుంది. ఎవడో గానీ ఈ మాట ఊరందరికీ చెబుతున్నాడు. వాడు నా చేతికి దొరకాలి, వాణ్ణే అరగంట నానబెడతాను!"

నాకు అనుమానం వచ్చి మన వ్యాసాలే ఒక్కొక్కటీ తెరిచాను. ఏడోదాంట్లో నాలుగో రహస్యం అదే. పై ప్రాణాలు పైనే పోయాయి. తీసేద్దామనుకున్నాను, కానీ తీసేస్తే బాబాయ్ ఎందుకని అడుగుతాడు. రేపు చూద్దాంలే అనుకున్నాను. ఆ రేపు వచ్చాక ఇంకో వ్యాసం పెట్టాను.

అలా నాలుగో నెలలో ఒక లెక్కల టీచరు వచ్చింది. సంచిలోంచి ఒక ఉన్ని శాలువా తీసి కౌంటర్ మీద పరిచింది. పరవడానికి పెద్దగా ఏం మిగల్లేదు. సగానికి కుంచించుకుపోయి, కాళ్లు తుడుచుకునే పట్టాలా మందంగా తయారైంది. మధ్యలో కాఫీ మరక మాత్రం చెక్కుచెదరలేదు.

"మా అమ్మదండీ" అంది. "ఆవిడ పోయి రెండేళ్లయింది. రోజూ కప్పుకుంటాను."

పిన్ని మూడో ప్రశ్న అడిగింది. జవాబు మనకి తెలిసిందే.

"ఎవరమ్మా మీకు చెప్పింది?"

టీచరు ఫోను తీసి వ్యాసం చివరికి జరిపింది. "రాసినవాళ్ల పేరుందండీ. మీ... మరకల పిన్ని." తలెత్తి పిన్ని మొహాన్నీ, ఫొటోనీ మార్చి మార్చి చూసింది.

ఇస్త్రీపెట్టె చప్పుడు ఆగిపోయింది. పిన్ని నా వైపు చూసింది. నేను చీటీల పుస్తకంలోకి తల దూర్చాను.

"నా పేరే ఉంది కాబట్టి నా మాటే" అంది పిన్ని. "తప్పు నాది. ఇది నా దగ్గర ఉంచి వెళ్లండి."

"ముప్పై ఏళ్లు పరీక్ష పేపర్లు దిద్దానండీ" అంది టీచరు. "కాపీ కొడితే నాకు తెలుస్తుంది. 'ప్రియమైన పాఠకులారా' అనే మనిషి కాదు మీరు." ఆ మాట పిన్నితో అంటూ నన్ను చూసింది. నేను తేలు కుట్టిన దొంగలా కూర్చుని చీటీ రాశాను.

ఆవిడ వెళ్లాక పిన్ని కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చుంది.

"ఏం పడింది?"

"నీ పేరు మీద మరక, పిన్నీ."

"ఎప్పుడు పడింది?"

"నాలుగు నెలలైంది."

"పడ్డాక నువ్వేం చేశావు?"

నా కళ్లు వాటంతటవే క్యాలెండర్ మీదికి వెళ్లాయి. బలవంతాన వెనక్కి లాక్కున్నాను. "తెలిశాక కూడా తియ్యలేదు. ఇంకో ఐదు పెట్టాను."

తిడితే బాగుండేది. తిట్టలేదు. నాకు ఏడుపొచ్చేసింది.

"నిజం చెప్పావుగా. ఎక్కడ మొదలెట్టాలో తెలిసింది" అంటూ లేచింది. "అన్నీ పీకెయ్. నేను చెప్పింది రాయి."

ముప్పై రెండు వ్యాసాలూ పీకేశాను. బాబాయ్ పాపం కళ్లు మూసుకున్నాడు. పిన్ని చెప్పింది ఒక్క ముక్క మార్చకుండా పెట్టాను.

వారం తర్వాత టీచరు వచ్చింది. "మరక పోయింది. కొలత మాత్రం ఇంక రాదు" అని పిన్ని ఉన్నదున్నట్టు చెప్పింది. టీచరు శాలువాని భుజాలమీద వేసి చూసుకుంది. అందలేదు. మెడకి చుట్టుకుంది. సరిపోయింది. ఒక నిమిషం అలాగే గడ్డం దాంట్లో దాచుకుని నిలబడింది. తర్వాత ఫోను తీసి మా కొత్త పేజీ పైకే చదివింది.

"ఏ మరకైనా చూడందే చెప్పలేను. వేడినీళ్లు పోయమని ఇదివరకు ఇక్కడ ఉన్నది తప్పు. నా పేరుతోనే వచ్చింది. దానివల్ల పాడైన బట్టలుంటే తెండి, చూస్తాను."

"ఇది మాత్రం మీరు రాసిందే" అంది.

అలా పాడైన బట్టలు ఇంకా వస్తూనే ఉన్నాయి. క్యాలెండర్‌ని గోడమీంచి తీసి సరిగ్గా నా కుర్చీ వెనక తగిలించాను. ఇప్పుడు మూడో ప్రశ్నకి అబద్ధం చెప్పాలనుకున్నవాళ్లు నా మొహం మీదుగా చూడాలి. చాలామంది నిజమే చెబుతున్నారు.