ఊటీ చూసొచ్చిన ముడుపు

ఊటీ నుంచి కోయిలకుంట్ల చేరి, కాళ్ళు కడుక్కుని దేవుని గూట్లోకి చూస్తే ముడుపు లేదు. బస్సు లోయలో పడకుండా అందరం క్షేమంగా తిరిగి రావాలని, పోయేముందు నేనే అహోబిలం నరసింహస్వామికి పసుపు బట్టలో రూపాయి బిళ్ళ కట్టి అక్కడ పెట్టాను. మొక్కు తీర్చకముందే ముడుపు పోతే ఇంట్లో ఎవరికి ఏమవుతుందో!

“ఎలకలు లాక్కపోయింటాయిలేవే. ముందు టీ పెట్టు,” అన్నాడు మా ఆయన, అంగడి తాళాలు వెతుక్కుంటూ.

“మీరు ఈ పొద్దు అంగడి తెరవొద్దు. బండి గూడా ముట్టుకోవద్దు,” అన్నాను. గూడంతా దులిపాను. పటాల వెనకా చూశాను.

నడవలో మా కూతురు అమూల్య సూట్‌కేసు బోర్లించి మాసిన బట్టలు విడదీస్తోంది. “మా, సూట్‌కేసు జేబులో ఏందో ముడేసి ఉండాది, చూడు.”

ముడుపే! అప్పుడు గుర్తొచ్చింది. ఇంటికి తాళం వేసేటప్పుడు, దొంగలు పడితే దీన్నీ ఎత్తుకుపోతారని భయపడి నేనే సూట్‌కేసు జేబులో పెట్టాను.

“శానా మంచి పని చేసినావు. సామికి గూడా ఊటీ చూపిచ్చినావు,” అని మా ఆయన నవ్వాడు.

“సామి మనెంటే ఉన్యాడు కాబట్టే క్షేమంగా వచ్చినాం మా,” అంది అమూల్య.

ఆ మాటకు ప్రాణం కుదుటపడింది. ముడుపును కళ్ళకద్దుకుని గూట్లో పెట్టి, టీకి నీళ్ళు పెట్టాను. అవి మరగకముందే ఇంకో భయం పట్టుకుంది. స్వామి మాతోపాటు ఊటీలో ఉంటే, ఇన్నాళ్ళూ ఇంటికి కాపలా ఎవరు?

పొయ్యి ఆపేసి బీరువా తెరవడానికి పరుగెత్తాను.