దుప్పటి కప్పిన కంప్యూటర్

పెయింట్ బ్రష్‌తో కీబోర్డు సందుల్లో దుమ్ము దులుపుతూ పెట్టెల బాబాయ్ ఎప్పటిలాగే దానితో కబుర్లాడుతున్నాడు. “ఎవరమ్మా నీ మీద బిస్కెట్లు తిన్నది? కడుపు నిండా పొడే!”

ఆఫీసులు వద్దనుకున్న పాత కంప్యూటర్లు అతని చేతికి వస్తాయి. వాటిని తుడిచి, బిగించి, కొనుక్కునే స్తోమత లేని బడిపిల్లల ఇళ్లకు చేర్చి, ఇంటర్నెట్ కనెక్షన్ ఇచ్చి, తెర వెలిగేదాకా కూర్చుని రావడం ఓ సేవాసంస్థలో అతని పని. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. బరువులు మోసి మోసి ఎడమ భుజం ఒకవైపు జారిపోయింది. చొక్కా జేబులోంచి ఆ బ్రష్ ఎప్పుడూ తొంగిచూస్తూ ఉంటుంది. దాని పిడి మీద ఏనాటిదో ఆకుపచ్చ రంగు మరక.

ఈ పనికి రాకముందు ఏళ్ల తరబడి చేసింది అచ్చంగా దీనికి తలకిందులు. వాయిదాల కొట్టులో ఉద్యోగం. కట్టలేనివాళ్ల ఇళ్ల నుంచి టీవీలు, ఫ్రిజ్‌లు ఎత్తుకురావాలి. అతను సందు తిరిగితే చాలు, తలుపులు ధడాల్న మూసుకునేవి. తిట్టనివాడిది పాపం! ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగేది కాదు. మరి ఇప్పుడో? వ్యాన్ ఆగీ ఆగకముందే పిల్లలు “వచ్చాడొచ్చాడు!” అని గంతులేస్తారు. తల్లులు కుర్చీ తుడిచి మరీ వేస్తారు. పోయే కాలానికైనా ఇచ్చే పని దొరికింది, అంతే చాలు దేవుడా అని రోజుకోసారైనా దణ్ణం పెట్టుకుంటాడు.

అందుకే ఆ ఉదయం ఆఫీసమ్మాయి మాట విని అతని గుండెల్లో రాయి పడింది.

“బాబాయ్, ఆ రేకుల ఇంటి పిల్లకిచ్చాం చూడు, అది ఇచ్చినప్పట్నుంచీ ఒక్కరోజూ ఆన్ చేసినట్టు ఇక్కడ నా తెర మీద కనబడలేదు. తెచ్చెయ్. ఇంకో పిల్లకిద్దాం.”

“ఎందుకు వాడట్లేదో కనుక్కుందామా?”

“ఫోన్ చేస్తే ఆ మామ్మ ‘భద్రంగా ఉంది తల్లీ’ అని పెట్టేస్తోంది. ఎదురుచూసేవాళ్లు బోలెడుమంది బాబాయ్.”

వ్యాన్‌ను సందు చివరే ఆపేశాడు. ఇరుగుపొరుగు చూస్తే ఇంటివాళ్ల పరువు పోతుందని పాత ఉద్యోగంలో అబ్బిన అలవాటది. మళ్లీ ఆ అలవాటు అక్కరకొచ్చినందుకు తనను తానే తిట్టుకుంటూ కాళ్లీడ్చుకుంటూ నడిచాడు.

గుమ్మంలో మామ్మ చొక్కాలకు గుండీలు కుడుతోంది. అతన్ని చూడగానే ముఖం విప్పారింది. “రా తమ్ముడూ, రా! నువ్వు పెట్టింది పెట్టినట్టే ఉంది, చూడు.”

చూశాడు. గది మూల కంప్యూటర్ దుప్పటి కప్పుకుని, నడుముకు తాడు బిగించుకుని, జ్వరమొచ్చిన మనిషిలా ముడుచుకుని ఉంది.

బడి నుంచి అప్పుడే వచ్చిన మనవరాలు అతన్ని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. “తీసుకెళ్లిపోతారా?”

అబద్ధమాడటం అతనికి చేతకాలేదు. “అందుకే వచ్చానమ్మా.”

మామ్మ చేతిలో చొక్కా జారిపోయింది. “అదేంటి తమ్ముడూ! కంటికి రెప్పలా చూస్తున్నానే! వాడితే అరిగిపోదూ? నా కుట్టుమిషన్ అట్లాగే పోయింది. ఈ పిల్ల పెద్ద చదువుకి పనికొస్తుందని దాచాను.”

“రోజూ మామ్మని అడుగుతూనే ఉన్నా తాతయ్యా,” అంది పిల్ల సంచి దించకుండానే. “పరీక్షలప్పుడు తీద్దాంలే అంటుంది. పక్కింటి అక్క ఫోన్లో చూసి పాఠాలు రాసుకుంటున్నా.”

బాబాయ్‌కి నవ్వొచ్చింది. ఆ నవ్వుతో పొద్దుటి నుంచి ఉన్న బరువంతా దిగిపోయింది. “అక్కయ్యా, వాడితే కాదు, మూటగట్టి పెడితేనే ఇది పాడయ్యేది. నీ మోకాళ్లు చూడు. రెండ్రోజులు కదలకుండా కూర్చుంటే పట్టేయవూ?”

మామ్మ మోకాలు తడుముకుంది. “అయ్యో నా మతి మండా! చేతులారా దాని కాళ్లు కట్టేశానా?” తాడు ముడి రాకపోయేసరికి, చిన్న దారప్పోగు కూడా పారెయ్యని మనిషి, కత్తెర తీసి కసుక్కున కోసేసింది.

తెర వెలిగింది. పిల్ల కుర్చీ అంచున కూర్చుని పాఠం తెరిచింది. బాబాయ్ ఆఫీసుకు ఫోన్ చేశాడు.

“కనబడుతోందా?”

“కనబడుతోంది బాబాయ్! ఏం చేశావ్?”

“దుప్పటి తీశాం. ఇది ఇక్కడే ఉంటుంది తల్లీ.”

“సరే, ఉండనీ.”

ఎత్తుకెళ్లడానికి వెళ్లి ఉత్తచేతులతో తిరిగి రావడం అతని జీవితంలో అదే మొదటిసారి. కళ్లు చెమర్చాయి. దాచుకోలేదు. వస్తూ వస్తూ జేబులో బ్రష్ తీసి మామ్మ చేతిలో పెట్టాడు. “రోజూ పిల్ల ఆన్ చేశాక దీంతో దుమ్ము దులుపు. మళ్లీ మూట కట్టావో, ఊరుకోను! వచ్చేవారం వచ్చి చూస్తా.”

సాయంత్రం వ్యాన్ కడిగి తాళాలు ఇచ్చేసి, ఇంటికెళ్లి తృప్తిగా అన్నం తిని పడుకున్నాడు. తెల్లారి లేవలేదు.

వచ్చేవారం రేకుల ఇంటికి వచ్చింది వేరే మనిషి. అతను చెప్పింది విని మామ్మ చేతిలో చొక్కా పక్కన పెట్టింది. తర్వాత కొంగుతో కళ్లు తుడుచుకుని, “చల్లని మనిషి. ఏ లోకాన ఉన్నా సుఖంగా ఉండాలి,” అంది. పిల్ల కంప్యూటర్ ముందు నుంచి లేచి, వచ్చినాయనకు కుర్చీ వేసింది.

తెర పక్కన మేకుకు, గుండీలు కుట్టే దారంతో కట్టి వేలాడుతోంది బ్రష్. పిడి మీద ఆ ఆకుపచ్చ మరక, కుచ్చులో ఆ పూట దులిపిన దుమ్ము.