శృతి తెగిన పెళ్ళి

సన్నాయి కొసన బిగించి ఊదే రెల్లు పీకను స్టీలు గ్లాసు నీళ్ళలో వేసి, నాంచారయ్య చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. ఆర్నెల్ల కిందటి దాకా ఈ గ్లాసుతో పనే లేదు. పీకను దవడన పెట్టుకుని జగ్గయ్యపేటలో బస్సెక్కితే, నందిగామలో దిగేసరికి ఉమ్మితో నాని మెత్తబడి ఉండేది. ఇప్పుడు ఆ నోట్లో ఉమ్మి ఊరదు. నాలుక అంగిటికి అతుక్కుపోతుంది. ఇడ్లీ ముక్కను కూడా నీళ్ళతో దింపుకోవాల్సిందే.

"నీళ్ళ సీసా పెట్టుకున్నారా? రేపు తెల్లారుజామునే హైదరాబాద్ బస్సు. పెళ్ళికాగానే వచ్చెయ్యండి," అంటూ భార్య రత్తమ్మ గుడ్డసంచి అందించింది.

"వస్తాలే," అన్నాడే గానీ, రేపు ఆ బస్సెక్కాలో వద్దో అతను ఇంకా తేల్చుకోలేదు. ఆ మాట ఆవిడతో అననూ లేదు.

నాంచారయ్యది పాట వాయించే సన్నాయి కాదు, శృతి సన్నాయి. పొడుగ్గా ఉంటుంది, వేళ్ళాడించే పనే ఉండదు. బుగ్గల్లో గాలి నిలిపి, ముక్కుతో ఊపిరి తీసుకుంటూ, మేళం లేచిన దగ్గర్నుంచి దిగేదాకా ఒకే స్వరాన్ని తెగకుండా ఊదాలి. పాటను మెచ్చుకుంటారు, డోలుకు తలలూపుతారు. శృతి పట్టినవాణ్ణి ఫొటోలో కూడా సగానికి కోసేస్తారు. దానికేమైనా బాధపడ్డాడా మహానుభావుడు? లేదు. "నే ఊదినంతసేపూ ఎవడికీ వినపడదు. ఆపి చూడు, పందిరి పందిరంతా ఇటు తిరుగుద్ది," అని నవ్వేవాడు. మీసాలు రాని వయసులో పట్టిన శృతి, మనవలు కాలేజీకొచ్చినా ఏ పెళ్ళిలోనూ తెగలేదు. అతనికున్న గర్వమల్లా అదొక్కటే.

బస్సు చిల్లకల్లు దాటి హైవే మీద సిమెంటు లారీల వెనక పోతోంది. సీసా ఎత్తి గుక్క నీళ్ళు పుక్కిలించాడు. ప్రోస్టేట్‌లో పుట్టిన క్యాన్సర్ ఎముకలకెక్కి, నిరుడు మంచంలో పక్కకు తిరగలేకపోయిన మనిషి. పరిశోధన కింద ఇస్తున్న కొత్త మందు రెండు డోసులు పడేసరికి తన కాళ్ళ మీద తాను బస్సెక్కుతున్నాడు. స్కానింగులో నడుమంతా కనపడ్డ చుక్కలు చాలామటుకు పోయాయి.

"ఇది ఆల్ఫా రేడియేషన్ పెద్దాయనా," అని హైదరాబాద్ ఆస్పత్రిలో డాక్టర్ ఉషశ్రీ ఓపిగ్గా చెప్పింది. "క్యాన్సర్ కణాన్ని వెతికి పట్టుకుని అక్కడికక్కడే కాలుస్తుంది, సెగ దూరం పోదు. కాకపోతే ఉమ్మి ఊరే గ్రంథులు కూడా ఈ మందును పట్టుకుంటాయి, అవీ కాలతాయి. మూడో డోసుతో నోరు పూర్తిగా ఎండిపోవచ్చు. మళ్ళీ ఊరుతుందని నేను మాటివ్వలేను. వద్దనుకుంటే మానెయ్యొచ్చు. కానీ ఆ మిగిలిన చుక్కలు ఊరుకోవు."

బస్సులోనే తనకు తాను ఒట్టు పెట్టుకున్నాడు. ఇవాళ తాళి కట్టేదాకా శృతి నిలిచిందా, మూడో డోసు వద్దు, ఉన్నన్నాళ్ళూ ఊదుకుంటూ పోతాడు. నిలవకపోతే రేపు బస్సెక్కుతాడు.

కల్యాణమండపం గుమ్మంలో పెళ్ళికూతురి తండ్రి, పత్తి వ్యాపారి రామకోటేశ్వరరావు ఎదురొచ్చాడు. "ఏవయ్యా నాంచారయ్యా, అంత చిక్కావేంటి? నా పెళ్ళిక్కూడా నువ్వే గదయ్యా!"

"అవునండి. మీ పెళ్ళికీ ఊదానండి," అన్నాడు నాంచారయ్య. అంతమాత్రం గుర్తుపెట్టుకున్నందుకే మొహం విప్పారింది.

పాట సన్నాయి అతని అన్నకొడుకు భవానీప్రసాద్‌ది. అతని పక్కన కూర్చుని, సంచిలోంచి స్టీలు గ్లాసు తీసి నీళ్ళు పోసుకుని, నానిన పీకను బిగించి శృతి ఎత్తుకున్నాడు నాంచారయ్య. గౌరీపూజ గడిచింది. పాటకూ పాటకూ మధ్య పీకను గ్లాసులో ముంచుకుంటూ నెట్టుకొచ్చాడు. జీలకర్రా బెల్లం అయ్యేసరికి నోరంతా అట్టకట్టింది. పై పెదవి పీకకు అంటుకుని చిట్లింది.

"గట్టిమేళం! గట్టిమేళం!" అని పంతులుగారు చెయ్యెత్తారు.

డోలు ఒక్కసారిగా విరుచుకుపడింది. నాంచారయ్య కళ్ళు మూసుకుని ఉన్న గాలంతా పెట్టాడు. స్వరం బుసకొట్టింది, రెండుగా చీలింది, ఆగిపోయింది. వట్టి గాలి మిగిలింది.

కళ్ళు తెరిచాడు. అక్షింతలు గాలిలో ఉన్నాయి. అందరూ తాళి వైపే చూస్తున్నారు. పందిట్లో ఒక్క తలా ఇటు తిరగలేదు.

అబ్బ, ఆ మనిషి గుండె ఎంత కోతపడిందో! నోట్లో చుక్క తడి లేదు గానీ కళ్ళు మాత్రం నిండిపోయాయి.

సన్నాయి మీంచి వేళ్ళు తీయకుండానే భవానీప్రసాద్ ఓరగా చూశాడు. కాలి బొటనవేలితో తువ్వాలు పక్కకు నెట్టి, దాని కింద ఉన్న శృతిపెట్టె మీట నొక్కాడు. కరెంటు శృతి లేచింది. సరిగ్గా నాంచారయ్య పట్టే శృతే. ఎప్పుడో కూర్చుని దానికి సరిచేసి పెట్టాడన్నమాట. మేళం దిగేదాకా నాంచారయ్య పీక పెదవుల దగ్గరే ఉంచుకుని, ఊదకుండా బుగ్గలు పూరించుకుని కూర్చున్నాడు.

"ఎన్నాళ్ళ నుంచి తెస్తున్నావురా ఆ పెట్టె?" అనడిగాడు తర్వాత.

"నీకు మొదటి ఇంజక్షన్ అయిన కాడ్నుంచి బాబాయ్. ఎప్పుడూ బయటికి తియ్యలా." భవానీప్రసాద్ తలెత్తలేదు. "ఎవరికీ తెలీలేదులే. నిలిచినట్టే అనుకో."

"నేను విన్నా కదరా," అన్నాడు నాంచారయ్య.

పీకను అలవాటు కొద్దీ గ్లాసులో వేశాడు. సన్నాయిని పంచెగుడ్డలో చుట్టి భవానీప్రసాద్ ఒళ్ళో పెట్టి, ఫోను తీశాడు.

"ఏమే, బస్సు ఎన్నింటికన్నావు?"

"నాలుగున్నరకి," అంది రత్తమ్మ. "రానంటారా ఏంటి?" ఆ గొంతులో భయం వినగానే, తన తటపటాయింపు ఆవిడకు ఇన్నాళ్ళూ తెలుసునని అతనికి అర్థమైంది.

"లేదే. వస్తున్నా."

అవతల నుంచి ఆవిడ ఏడుపు మాత్రం వినపడింది.

భోజనాల పిలుపు కోసం ఆగకుండా, సీసా చంకన పెట్టుకుని నాంచారయ్య బస్టాండు వైపు నడిచాడు. వెనక మండపంలో కుర్చీలు మడుస్తున్నారు. మేళం కూర్చున్న చాప మీద స్టీలు గ్లాసు అలాగే ఉంది. దాని అడుగున పీక ఇంకా నానుతోంది.