మనిషికి రెండు బండలు

కర్నూల్లో ఆ షాపులో నిలబడినప్పుడే నాకు భయం మొదలైంది. గోడకు మూడు కిట్లు తగిలించి ఉన్నాయి. జీపును నేల నుంచి పైకి లేపే కిట్లవి. ఒకటి రెండు అంగుళాలు లేపుతుంది, ఒకటి నాలుగు, ఒకటి ఆరు. బండి బరువు మోసే కొత్త కమాన్ పట్టీలు, పొడుగు షాక్ అబ్సార్బర్లు, పెద్ద బోల్టులు, అన్నీ నల్లరంగుతో మెరుస్తున్నాయి. నేను నలభై ఏండ్లు బేతంచెర్లలో లారీలకు కమాన్ కట్టలు కట్టినవాడిని. ఇనుమంటే నాకు భయం లేదు. నాలుగు అంగుళాల కిట్టు మీద మా అల్లుడి చెయ్యి పడినప్పుడు భయం వేసింది.

అల్లుడి పేరు ఏసుకుమార్. బేతంచెర్ల నుంచి గొల్లమెట్టకు జీపు తోలుతాడు. గొల్లమెట్ట గుట్ట మీది పల్లె. బస్సు పోదు, ఆటో పోదు. దారంతా రాళ్లు, నడుమ వానకు పారే ఒక వంక. పోయిన వానల్లో ఆ వంకలో రాయి తగిలి ఇంజను కింది చాంబర్ పగిలింది. ఆయిలంతా కారిపోయింది. అప్పుడు జీపులో ఆ పల్లె జీవమ్మ కోడలు నొప్పులు పడుతోంది. మంచం మీద మోసుకుని రెండు మైళ్లు దిగారు. తల్లీ బిడ్డా బతికారు. కానీ ఆ రోజు నుంచి అల్లుడికి అన్నం సరిగా దిగడం లేదని మా కూతురు మహిమ చెప్పింది. జీపును ఎత్తు లేపితే గాని మళ్లీ ఆ దారి తొక్కనన్నాడు.

"నాలుగు తీసుకోప్పా," అన్నాడు షాపు యజమాని రాఘవేంద్రప్రసాద్. "ఆరు సోకు చేసుకునేటోళ్లకు. రెండు జడుసుకునేటోళ్లకు. బండి తోలి బతికేటోనికి నాలుగు."

"రెండు చాలు," అన్నాను.

"రెండంగుళాలకు ఆ రాయి తప్పుతాదా మామా?" అన్నాడు అల్లుడు.

"చాలు."

"చాలంటే ఎట్ల? యాల చాలు?"

కారణం నా చేతులకు తెలుసు. నోటికి రాలేదు. ఇంట్లో కూడా నేనంతే. నా భార్య పోయేదాకా నన్ను మూగోడనే పిలిచింది.

"మాట్లాడనీకి కూడా దుడ్లు అడుగుతాడేమో మీ మామ," అని యజమాని నవ్వాడు. "ఒక పని చెయ్యప్పా. నాలుగుది బిగించుకోని లోడేసి సూడు. నచ్చకుంటే గీత పడకుండా తెచ్చియ్యి, రెండుది ఇస్తా."

అల్లుడు నా వైపు తిరిగాడు. "అట్లనే సూద్దాం మామా. నువ్వు సరే అంటేనే జనాన్ని ఎక్కిస్తా. కాదంటే ఆ పూటే విప్పేస్తా."

దానికి నేను తల ఊపాను.

మా బేతంచెర్లలో గనుల్లో, లారీల మీద పనిచేసిన వాళ్లకు బండే తూకం. రెండడుగుల పాలిష్ బండలు రెండు కలిస్తే ఒక మనిషి. జనం ఎక్కే బండికి కమాన్లు మారిస్తే, మనిషికి రెండు బండల లెక్కన వేసి తోలి చూస్తాం. నాకు పని నేర్పినాయన అట్లాగే చేశాడు. నేనూ అట్లాగే చేశాను. ఎన్నడూ తప్పు పోలేదు.

శనివారం కిట్టు నేనే బిగించాను. జీపు పైకి లేచి నిలబడింది. మహిమ వచ్చి చుట్టూ తిరిగి చూసింది.

"నిచ్చెన కొనడం మర్చిపోయినారా?" అంది. "చీర కట్టుకున్న ఆడోళ్లు దీన్ని ఎట్ల ఎక్కేది?"

"నిన్ను నేను ఎత్తి కూచోబెడతాలే," అన్నాడు అల్లుడు. శానా రోజులకు వాడు నవ్వడం చూశాను.

వెనక పదిమంది కూర్చుంటారు. పదిమందికి ఇరవై బండలు. వెనక రెండు బల్లల నడుమ, జీపు అడుగున పేర్చాం. పాతగని వాలు మీద అడ్డంగా తోలమన్నాను. పక్కనే నడుస్తూ చక్రాలు చూశాను. ఏ చక్రమూ తేలలేదు. మూడుసార్లు తోలించాను. జీపు నేలకు అతికించినట్టు పోయింది.

"ఏం మామా?" అన్నాడు అల్లుడు.

"సరే," అన్నాను.

చుట్టూ పదిమంది విన్నారు. ఈ జ్ఞానరాజు సరే అంటే బండి సరే అని ఊళ్లో నమ్మకం. షాపులో వేసిన భయం ముసలితనం వల్లేననుకున్నాను.

సోమవారం పొద్దున జీపు నిండింది. మహిమ గొల్లమెట్ట అంగన్‌వాడీలో పనిచేస్తుంది, రోజూ అందులోనే పోతుంది. ఆ రోజు నేనూ ఎక్కాను. ముందర ఎడమ పక్కన నేను, కుడి పక్కన స్టీరింగు పట్టుకుని అల్లుడు. వెనక ఎదురెదురు బల్లల మీద ఐదుగురు, ఐదుగురు. కుడి బల్ల మీద, అల్లుడి వీపు వెనకే మహిమ. ఎడమ బల్ల చివర, వెనక తలుపు దగ్గర జీవమ్మ.

"ఏం జ్ఞానన్నా, ఏనుగు మీద ఊరేగిస్తాండావే మమ్మల్ని!" అంది జీవమ్మ. అందరూ నవ్వారు.

వంక దగ్గరికి వచ్చాం. ఎప్పుడూ ఆ రాయిని చుట్టి పోయేవాడు అల్లుడు. ఆ రోజు నేరుగా దాని మీదికే తోలాడు.

"ఇంక దీనికి జడిసేది లేదు," అన్నాడు.

ముందు చక్రం రాయి ఎక్కి దిగింది. వెనక ఎడమ చక్రం దాని మీదికి ఎక్కింది. అదే సమయానికి వెనక కుడి చక్రం నీళ్లు కోసిన గుంతలో దిగబడింది. జీపు కుడి పక్కకు వాలింది. వాలి ఆగలేదు. ఇంకొంచెం వాలింది. నా కింద ముందు ఎడమ చక్రం నేలను వదిలింది. గాలిలో నెమ్మదిగా తిరుగుతోంది. తొంగి చూశాను. చక్రానికీ నేలకూ నడుమ జానెడు సందు.

వెనక అరుపులు. ఎడమ బల్ల మీది వాళ్లు కుడి బల్ల వాళ్ల మోకాళ్ల మీదికి జారుతున్నారు. వాళ్లు జారిన కొద్దీ జీపు వాలుతోంది. అప్పుడు తెలిసింది నాకు. బండలు అడుగున పడుకుంటాయి. మనుషులు పైన కూర్చుంటారు. బండలు వాలు వైపుకు జారి ఒకదాని మీద ఒకటి పడవు. తూకం ఒకటే. నేను తూకమే చూశాను.

నా పక్క తలుపు లేదు. ఒక్క అడుగు వేస్తే నేను నేల మీద ఉంటాను. నా కాలు ఆ అడుగు వేయబోయింది కూడా. అబద్ధం ఎందుకు చెప్పాలి? నేను దిగితే ఎడమ పక్క అంత బరువు తగ్గుతుంది. అల్లుడు, మహిమ కుడి పక్క ఉన్నారు. బండి పడితే వాళ్ల మీదే పడుతుంది. ఆ కాలిని మెట్టు మీద పెట్టి, పై కమ్మీ పట్టుకుని బయటికి వేలాడాను.

వెనక జీవమ్మ అప్పటికే ఒక కాలు కిందికి పెట్టింది.

"జీవమ్మా!" అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "దిగినావంటే నా బిడ్డ సస్తాది! కూచో!"

ఆమె కాలు వెనక్కి తీసుకుంది.

"ఎడమ పక్కోళ్లు కదలద్దు. మీరే ఈ బండిని పట్టుకోనుండేది. ఎనక్కి ఒరగండి, కమ్మీ పట్టుకోండి. కుడి పక్కోళ్లు ఒకరెనక ఒకరు దిగండి. లేచి నిలబడద్దు. పాకండి."

"మామా, బ్రేకు మీద కాలు వణుకుతాంది," అన్నాడు అల్లుడు.

"వణకనీ. తియ్యద్దు."

ఒకామె పాకుతూ దిగింది. జీపు కిర్రుమంది. రెండో మనిషి దిగాడు. మూడో మనిషి లావుపాటివాడు. వాడు కదిలినప్పుడు జీపు కుడికి ఒక ఊపు ఊగింది. ఎవరో ఏడుస్తున్నారు.

"ప్రభువా," అంది జీవమ్మ, "మెట్టకు పోదామని ఎక్కితే పరలోకానికి తోలుకపోతాండాడు ఈ పిల్లోడు."

ఎడమ బల్ల మీద ఎవరికో నవ్వు వచ్చింది. భయంలో వచ్చే నవ్వు.

"నవ్వద్దు!" అన్నాను. "ఊగుతాది."

నాలుగో మనిషి దిగాడు. మిగిలింది మహిమ. ఆమె అందరికంటే లోపల ఉంది. బల్ల పొడుగునా పాకి రావాలి.

"రామ్మా," అన్నాను.

"ఈయప్ప?" అంది మొగుడి వీపు వైపు చూస్తూ.

"నువ్వు దిగితేనే ఆయప్పకు నెమ్మది. రా."

ఆమె పాకింది. నేను ఆమెను చూడలేదు. చక్రాన్నే చూశాను. జానెడు సందు బెత్తెడైంది. ఆమె కాళ్లు నేలను తాకిన చప్పుడు వినిపించింది. చక్రం కిందికి దిగి రాళ్ల మీద కూర్చుంది.

"ఎనక్కి తీయి," అన్నాను అల్లుడితో. "నిదానంగా. అంగుళం అంగుళం."

ఎడమ పక్క వాళ్లు అట్లాగే వెనక్కి ఒరిగి కూర్చున్నారు. నేను వేలాడుతూనే ఉన్నాను. జీపు వెనక్కి జరిగి చదును నేల మీదికి వచ్చింది. నా వేళ్లు కమ్మీని వదల్లేదు. మహిమ వచ్చి ఒక్కో వేలూ విప్పింది.

"నువ్వు సరే అన్నావు గద నాయనా," అంది. ఆమె పెదవులు తెల్లగా ఉన్నాయి.

"అన్నా. తప్పు నాదే."

అల్లుడు దిగి చక్రం పక్కన కూలబడ్డాడు. "షాపులోనే యాల చెప్పలేదు మామా?"

"రెండు చాలని చెప్పినా."

"చెప్పినావు. యాల చాలో చెప్పలేదు."



మరుసటి రోజు కర్నూలు పోయి కిట్టు తిరిగి ఇచ్చాం. రాఘవేంద్రప్రసాద్ దాన్ని తిప్పి చూసి, "గీత పడిందే పెద్దాయనా," అన్నాడు.

"మనిషి మీద పడలేదు," అన్నాను. ఏం జరిగిందో మొత్తం చెప్పాను. ఎత్తు ఎంత పెంచితే మనుషుల బరువు అంత పైకి పోతుందని, గూడ్సు బండి వేరని, జనం బండి వేరని, కిట్టు అడిగిన వాణ్ని మొదట ఎంతమంది ఎక్కుతారో అడగమని చెప్పాను. ఆయన రెండు అంగుళాల కిట్టు తానే దించి ఇచ్చాడు.

వంకలోని ఆ రాయిని గని వాళ్లు సమ్మెటలతో అరపూటలో పగలగొట్టారు. "పుట్టినకాన్నుంచి రాళ్లు కొట్టేటోళ్లం, ఇన్నేండ్లు దీన్ని చుట్టి పోయినాం సూడు," అని జీవమ్మ వాళ్లనూ మమ్మల్నీ కలిపి తిట్టింది. గుంత మాత్రం పూడలేదు. వంక వాలూ పోలేదు.

కొత్త కిట్టు బిగించాక, ఈసారి బండలు వద్దన్నాను. మనుషులు కావాలన్నాను. జీపు దగ్గరికి ఒక్కరూ రాలేదు. వాళ్లను తప్పు పట్టడానికి నాకు నోరు లేదు. చివరికి మహిమ వచ్చింది.

"నువ్వొద్దు," అన్నాను.

"నేను రోజూ ఎక్కేదే గద నాయనా. ఈ పొద్దు ఎక్కకుంటే రేపు ఎట్ల ఎక్కేది?"

ఆమె వెనక జీవమ్మ వచ్చింది. ఆ తరువాత ఒక్కొక్కరూ వచ్చారు. వాలు కుడి పక్కకే. అందుకని కుడి బల్ల మీద నేను కూర్చున్నాను. మహిమను ఎదురుగా ఎడమ బల్ల మీద కూర్చోమన్నాను. అల్లుడు గేరు వేశాడు. నేను కమ్మీ పట్టుకున్నాను. జీపు వంకలోకి దిగింది. కుడి చక్రం గుంతలో పడింది. బండి నా వైపుకు వాలింది.

"ఆపు," అన్నాను.

ఆపాడు.

"మహిమా, తొంగి ఎడమ చక్రం సూడు."

తొంగి చూసింది. "నేల మీదనే ఉండాది నాయనా."

"ఇంకోసారి సూడు."

"నేల మీదనే ఉండాది."

"పోనీ అప్పా," అన్నాను అల్లుడితో. "నిదానం."