సన్నటి కోత

"వేలు తెగితే ఏం జేస్తవ్? ముందు గది జెప్పు," అన్నది అండాలు.

కూతురు సుహాసిని ఇంకా బ్లేడ్ల ప్యాకెట్ విప్పనే లేదు. ఐలేశం దుకాణంలో కొని తెచ్చి, పుస్తకాల సంచి మీద పెట్టి, కాళ్లు కడుక్కొని వచ్చిందంతే.

"తెగదమ్మా."

"తెగితే అంటున్న."

"తెగితే ఇంకా తొమ్మిదుంటయి తియ్యే," అన్నాడు అండాలు మొగుడు సైదులు, ఆటో తుడిచిన గుడ్డ పిండుతూ. అండాలు ఒక చూపు చూసింది. ఆయన గుడ్డ ఆరేసే పని మీద పెరట్లోకి పోయాడు.

కట్టంగూరు శివారులోని బత్తాయి నర్సరీలో అండాలు పన్నెండేళ్లుగా అంట్లు కడుతోంది. నిమ్మ మొక్క కాండం మీద కత్తితో చిన్న గాటు పెట్టి, తోలు లేపి, అందులోకి బత్తాయి మొగ్గను జారవిడిచి, ప్లాస్టిక్ పట్టీ చుడుతుంది. ఆమె చేయి పడిన మొగ్గ ఎండిపోవడం అరుదు. కానీ ఎడమ బొటనవేలి మీద మొదటి ఏడాది తెగిన గీతలు ఇప్పటికీ తెల్లగా కనబడతాయి. ఆ గీతలను చూసుకున్నప్పుడల్లా బిడ్డ వేళ్లు గుర్తుకొస్తాయి. వేలు తెగుతుంది, చీము పడుతుంది, దవాఖానలో వేలే తీసేయాలంటారు, ఇక పరీక్ష ఏ చేత్తో రాస్తుంది? అంత దూరం ఆలోచన పోయాక, ఆ ఇంట్లో సుహాసినికి కత్తి ఎవరిస్తారు? పదిహేడేళ్లు వచ్చినా ఆ పిల్ల ఉల్లిగడ్డ కోసి ఎరుగదు.

ఇప్పుడు అదే మీదికొచ్చింది. సుహాసిని నకిరేకల్‌లో ఇంటర్ రెండో ఏడాది. వ్యవసాయ డిగ్రీ చదవాలని ఆశ. గురువారం బాటనీ ప్రాక్టికల్ పరీక్ష. వాళ్లిచ్చిన కాడనో వేరునో అడ్డంగా, వెలుతురు పారేంత సన్నగా కోసి, రంగు అద్ది, గాజు పలక మీద పెట్టి మైక్రోస్కోపులో చూపించాలి. లోపలి అరలన్నీ విడివిడిగా కనబడాలి. సుహాసిని కోసిందాన్ని చూసి స్వర్ణ మేడం, "ఇది సెక్షన్ కాదమ్మా, గారె," అన్నదట. క్లాసంతా నవ్విందట.

"గారెనే నయం. వేలైతే ఉన్నది," అన్నది అండాలు.

"మార్కులు పోతయమ్మా," అన్నది సుహాసిని. ఆ మాట మెల్లగా అన్నది. మెల్లగా అంటేనే అండాలుకు ఎక్కువ భయం.

మర్నాడు ఆదివారం. పొద్దున్నే, బిడ్డ లేవకముందే అండాలు లేచి, ప్యాకెట్‌లోని బ్లేడ్లు ఒక్కొక్కటే బయటికి తీసింది. అంటు కత్తికి పదును పెట్టే సానరాయి ఉంది కదా, దాని మీద బ్లేడును నిలువుగా నిలబెట్టి అంచును రుద్దింది. బొటనవేలితో తాకి చూసి, ఇంకాస్త రుద్దింది. అయిదింటినీ మళ్లీ కాగితాల్లో మడిచి ఎట్లున్నవి అట్లే పెట్టేసింది. పన్నెండేళ్లలో పదును పెట్టడమే తప్ప పదును తీయడం ఆమె ఎరుగని పని. అయినా ఆ పూట గుండె కొంచెం తేలికపడింది.

సుహాసిని గట్టు మీది గడ్డిచామంతి కాడలు, ఒక శనగ మొక్క వేరుతో సహా, నాలుగు క్యారెట్లు తెచ్చుకొని వాకిట్లో కూర్చున్నది. క్యారెట్‌ను నిలువుగా చీల్చి, ఆ సందులో కాడను ఇరికించి, రెండూ కలిపి కోయాలి. స్టీలు పళ్లెంలో నీళ్లు పోసి పెట్టుకున్నది. కోసిన ముక్క నీళ్లలో పడింది. గారె కాదు, నమిలి ఊసిన చెరుకు పిప్పి. ఇంకోటి కోసింది. అదీ పిప్పే.

"నాకు రాదమ్మా," అన్నది పిల్ల. పళ్లు బిగబట్టి ఈసారి గట్టిగా నొక్కింది. క్యారెట్ మీద బ్లేడు సర్రున జారి బొటనవేలి మీదికి పోయింది. గోరు అంచు చిట్లింది. రక్తం రాలేదు.

అండాలు చటుక్కున ఆ వేలు పట్టుకొని చూసింది. నర్సరీలో కొత్తగా వచ్చిన వాళ్లు మొద్దు కత్తి తెస్తే ఆమె ఊరుకోదు. 'మొద్దుది తెస్తే పనికి రావొద్దు, నొక్కితె జారి చేతి మీదికొస్తది' అని తరిమినంత పని చేస్తుంది. ఆ మాట ఇప్పుడు ఆమె చెవిలోనే మోగింది. చేతులారా మొద్దు చేసి బిడ్డ చేతికిచ్చింది తనే.

చెబుదామని నోరు తెరిచింది. వచ్చిన మాట వేరే.

"గా ఐలేశం పాత సరుకు అంటగట్టిండే. గా బ్లేడ్లు మంచియి గావు."

ఆ మాట వినగానే సైదులు ఆటో తీసుకొని దుకాణానికి పోయాడు. ఆగమన్నా ఆగలేదు. అరగంటకు కొత్త ప్యాకెట్‌తో తిరిగొచ్చాడు. "దేవుని పటం మీద చెయ్యి వెట్టి ఒట్టేసిండే. మొన్ననే వచ్చిన సరుకంట. కండ్లల్ల నీళ్లు వెట్టుకున్నడు," అన్నాడు. అండాలు పొయ్యి మీద ఏదో మాడుతోందన్నట్టు లోపలికి పోయింది. పొయ్యి మీద ఏమీ లేదు.

తిరిగొచ్చి బిడ్డ పక్కన కూర్చుని, కొత్త బ్లేడు తానే విప్పింది. అంచు తాకితే సర్రున తెగేట్టుంది. అయినా బిడ్డ చేతిలో పెట్టింది.

"జర ఇను. బ్లేడు తడుపు. బొటనవేలు కిందికి దించు, ఎత్తి పెట్టకు. నొక్కకు. నీ దిక్కు గుంజు, గంతే. కోసేది నువ్వు గాదు, పదును."

మొదటిది మందంగా వచ్చింది. నాలుగోది కొంచెం నయం. పదో పదకొండో కోసినప్పుడు పళ్లెంలో ఏమీ పడలేదనుకొని ఇద్దరూ వంగి వెతికారు. నీళ్ల మీద ఉల్లిపొరలాగా తేలుతోంది. వెలుతురుకు పట్టి చూస్తే గుండ్రంగా చుక్కలు.

"గీ చుక్కలేందే?"

"నీళ్లు, తిండి మోసే గొట్టాల కట్టలు. కాండంల గిట్ల చుట్టూత వరుసగ నిలబడ్తయి. లోపలి దిక్కు నీళ్ల గొట్టాలు, బయటి దిక్కు తిండి గొట్టాలు. రెంటికి నడుమ సన్న పొర, క్యాంబియం."

"తోలు లేపితే చేతికి జిగురుగ తాకుతది, గదేనా?"

"గదే. లోపలికి కట్టెను, బయటికి తోలును పుట్టిస్తనే ఉంటది."

"పన్నెండేండ్ల సంది మొగ్గను దాని మీదనే పండవెడుతున్న. పేరుంటదని తెల్వది," అన్నది అండాలు. "మరి ఏర్ల?"

"ఏర్ల నడుమ ఆకాశంల చుక్కోలె ఉంటది. శనగ ఏర్లయితే నాలుగు మూలల చుక్క. నీళ్ల గొట్టాలు, తిండి గొట్టాలు ఒక కట్టల ఉండయి, పక్కపక్కన వేరువేరుగ ఉంటయి. మక్క కర్రలనైతే కట్టలు ఎట్ల వడితె గట్ల చల్లినట్టుంటయి. క్యాంబియమే ఉండది."

"గందుకే మక్కకు అంటు గట్టరు."

సుహాసిని తలెత్తి చూసింది. "గా ముక్క మా పుస్తకంల లేదమ్మా."

గురువారం నాడు అండాలు నర్సరీకి పోలేదు. కాలేజీ గేటు బయట వేప నీడలో నిలబడింది. శనగ వేరు దారంలా సన్నగా ఉంటుంది, క్యారెట్ సందులో నిలవదు, అదొక్కటి రాకుంటే చాలని మొక్కుకుంది. పసుపు పొట్లం, దూది, పాత చీర చింపిన పేలికలు బిడ్డ సంచిలో పొద్దున్నే పెట్టింది. అవి తీసే అవసరం రావద్దని ఇంకో మొక్కు.

సుహాసిని గేటు దాటి వచ్చింది. కుడిచేతి వేళ్లు ఎర్రగా ఉన్నాయి. అండాలు ఆ చేయి అందుకొని వేళ్లు ఒక్కొక్కటే వంచి చూసింది.

"రంగేనమ్మా. అద్దే రంగు. కడిగితే గూడ రెండు రోజులు పోదు."

"నిజం జెప్పు."

"బస్సుల అడుగుదువు తియ్యి. పా, బస్సు పోతది."

ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్లు చేతిలో పెట్టి కండక్టర్ ముందుకు పోయాక సుహాసిని మొదలుపెట్టింది. "చీటి తీస్తె శనగ ఏరే వచ్చిందమ్మా."

"నేనంటనే ఉన్న."

"ఇంటె గదా. నొక్కలే. గుంజిన. మూడోదే మంచిగొచ్చింది. బయటి నుంచొచ్చిన సారు మైక్రోస్కోపుల శానసేపు చూసిండు. నాలుగు మూలలు లెక్కవెట్టిండు. ఎవరు నేర్పిన్రు అన్నడు. మా అమ్మ సార్, బత్తాయి అంట్లు గడ్తది అన్న. గట్లనా అని నవ్వి మంచి మార్కులు రాసిండు."

అండాలు కండ్లు తుడుచుకున్నది. "ఎవ్వలకు తెగలేదు గదా?"

"తెగింది. సారుకే. ఒక పోరనికి బ్లేడు ఎట్ల వట్టాల్నో చూపియ్యబోయి కోసుకున్నడు. నీ పసుపు, నీ దూది, నీ చీర పేలిక, అన్నీ ఆయినకే కట్టిన."

"టీటీ సూది ఏపిచ్చుకొమ్మన్నవా?"

"అన్న. నవ్విండు." సుహాసిని సంచిలో నుంచి ఒక కాగితం మడత తీసింది. అందులో పాత బ్లేడు. "పరీక్ష అయినంక స్వర్ణ మేడంకు చూపిచ్చిన, దుకాణపాయన గిట్లాంటివి అమ్ముతడా అని. మేడం మైక్రోస్కోపు కింద వెట్టింది. అంచు నిండ గీతలమ్మా, అన్నీ ఒక్క దిక్కే. దుకాణంల గిట్ల గాదు, మీ ఇంట్ల సానరాయి ఉందా అనడిగింది."

అండాలు కిటికీ దిక్కు తిరిగింది.

"అమ్మా. ఐలేశం మామ కండ్లల్ల నీళ్లు వెట్టుకున్నడు. నువ్వేనా రుద్దింది?"

పెట్రోలు బంకు దాటింది. ఒక బత్తాయి తోట, దాని వెనుక ఇంకొకటి. ముందు సీట్లో ముసలామె నిద్రలో తల వాల్చి మళ్లీ ఎత్తింది. కట్టంగూరు దిగేవాళ్లు లేవమని కండక్టర్ అరిచాడు. బస్సు నెమ్మదించింది. సుహాసిని అడిగిన మాట మళ్లీ అడగకుండా, ఎర్రటి వేళ్లతో సంచి పట్టుకొని లేచి నిలబడింది.

"నేనే," అన్నది అండాలు. "ఇంటికి పోంగ ఐలేశం దుకాణం కాడ ఆగుదాం, నేనే చెప్త ఆయనకు. పొద్దుమూకి కూరగాయలు నువ్వు కొయ్యి. నేను పక్కన కూసుంట."