అందివ్వని మాట

పొద్దున్న కుళాయి వచ్చే వేళకి రాజ్యలక్ష్మి వీధి గుమ్మంలోనే ఉంటుంది. నీళ్ల కోసం కాదు. కూతురు మహతి బిందె పట్టుకుని వెళ్తుంది, ఎవరో ఒకరు పలకరిస్తారు, పిల్ల జవాబు చెప్పబోతుంది. మాట మొదట్లోనే పెదవులు కలిసే అక్షరం వచ్చిందంటే మాట ఆగుతుంది. మాట ఆగితే వీధి ఆగుతుంది.

ఆ రోజూ అంతే.

"ఏటే గుంటా, పొద్దున్నే తలంటుకున్నావు? ఎక్కడికి పయనం?" అంది ఎదురింటి జగ్గమ్మ.

మహతి పెదవులు కలిశాయి. విడలేదు. కుళాయి ధార గాల్లో గాజుకడ్డీలా నిలబడిపోయింది. జగ్గమ్మ చెయ్యి బిందె మీద, పాల దాలయ్య కాలు సైకిలు మీద, గోడ దూకబోయిన కోడి గోడకీ నేలకీ నడుమ. ఊపిరి ఆడుతుంది, కళ్లు తిరుగుతాయి. ఇంకేదీ కదలదు.

కదిలేది రాజ్యలక్ష్మి ఒక్కర్తే.

"పొందూరు," అని గుమ్మంలోంచి అందించింది. నీళ్లు బిందెలో పడ్డాయి.

"ఓలమ్మ, భుజం పీకేసింది," అంది జగ్గమ్మ. "బేగి అందియ్యొచ్చు కదా వదినా! నీకేటి, ఊరంతా ఆగినా హాయిగా తిరగతావు. ఆగిపోడం ఏటో అందరికీ తెలుసు, నీకే తెల్దు."

"కన్నదాన్ని. నాకెందుకు తెలీదే?"

"మాట సేతిలో ఉన్నోళ్లకి ఏటి తెలస్తాది?" అని జగ్గమ్మ బిందె ఎత్తుకుంది.

మహతికి మాటలొచ్చిన కొత్తలోనే మొదలైందిది. వస సరిగ్గా నాకించలేదని అత్తగారు అంది. రాజ్యలక్ష్మి నాకించింది. ఎవరూ నమ్మలేదు. విశాఖపట్నంలో మాటల డాక్టరమ్మ మాత్రం వేరేగా చెప్పింది: "ఇది భయం కాదు, బుద్ధి తక్కువా కాదు. ఏం చెప్పాలో అమ్మాయికి తెలుసు. నోటికి దారి కుదరదు, అంతే. తొందర పెట్టకండి. మాట అందివ్వకండి." రాజ్యలక్ష్మి తలూపింది. ఊరొచ్చాక రోడ్డు మీద లారీ, పక్కింట్లో నొప్పులు పడుతున్న కోడలూ ఆగిపోయి ఉంటే, అందివ్వకుండా ఎలా?

అందిస్తూనే ఉంది. పిల్లని వదిలి ఒక పూట ఎటూ పోలేదు. పిల్లా పొందూరు దాటి ఒంటరిగా పోలేదు.

దూడతో ఒంటరిగా మాట్లాడినప్పుడు మహతికి ఏ మాటా ఆగదు. పాడితే ఆగదు. కొట్లో మాత్రం పెసలు కావలసి శనగలు తెచ్చేది. పొందూరుకి టిక్కెట్టు అడగలేక చిలకపాలెం అని, అక్కడ దిగి మళ్లీ ఆటో ఎక్కేది. ఏ మాటకైనా బదులు మాట వెతుక్కునేది. బదులు లేనిది పేరొక్కటే. ఆ పేరు రాజ్యలక్ష్మి పెట్టిందే.

పొందూరు ప్రైవేటు బళ్లో సైన్సు టీచరు కావాలన్నారు. ఆ రోజు డెమో క్లాసు. తల్లి కూడా ఆటో ఎక్కింది.

"అమ్మా," అంది మహతి. "ఈరోజు అందియ్యకు."

"ఆగిపోతాది కదే."

"ఆగనీ."

"ఉద్యోగం పోతాది."

"నువ్వు అందిస్తే వచ్చినా నిలవదు. రోజూ వచ్చి వెనకాల కూసుంటావా?"

కూర్చుంటాననే అనబోయింది రాజ్యలక్ష్మి. పిల్ల మొహం చూసి కొంగు సర్దుకుంది.

హెడ్మాస్టరు రమేష్‌బాబుకి సంగతి తెలుసు. "మీ వీధిలో ఒకసారి నా బండి ఆగిపోయిందమ్మా. చెమటలు పట్టేశాయి. ఇక్కడ పాఠమే ఆగిపోతే సిలబస్ ఎప్పటికయ్యేను? చూద్దాం. పిల్లలు తట్టుకోలేకపోతే మాత్రం నన్నేమీ అనుకోకండి," అన్నాడు.

ఏడో తరగతి. రాజ్యలక్ష్మి వెనక బెంచీలో కూర్చుంది.

"టీచర్, మీ పేరేటి?" అని ఎవరో అరిచారు.

"నేను..."

పెదవులు కలిశాయి. ఫ్యాను రెక్కలు లెక్కపెట్టేలా నిలబడ్డాయి. కాగితం రాకెట్టు గాల్లోనే ఉండిపోయింది. తల గోక్కుంటున్న హెడ్మాస్టరు కళ్లు వెనక బెంచీ వైపు తిరిగాయి. అందించమ్మా, అంటున్నాయవి.

మాట నాలుక మీదికి వచ్చేసింది. రాజ్యలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కూతురు ఇటు చూడలేదు. ఆ మాట తల్లి మింగేసింది.

మింగగానే ఆమె కూడా ఆగిపోయింది.

కొంగు పట్టుకున్న వేళ్లు విప్పాలనుకుంది. ఎలా విప్పాలో తెలుసు. బలమూ ఉంది. వేళ్లకి దారి పడలేదు. తోసేకొద్దీ బిగుసుకున్నాయి. అరవబోతే దవడ కదల్లేదు. ఇంకెవరు అందిస్తారు? అందించేది తనే కదా. ఇలాగే ఉండిపోతామా అందరం?

ఇదా, అనుకుంది. ఇందులోనా ఉన్నావు తల్లీ, ఇన్నేళ్లూ?

కళ్లు ఒక్కటే తిరిగాయి. తిరిగి మహతిని చూశాయి. మహతి తోయడం లేదు. భుజాలు దించింది. ఊపిరి వదిలింది. బిగిసిన పెదవుల్ని బిగిసినట్టే ఉండనిచ్చి, అవి వాటంతటవి మెత్తబడేదాకా ఆగింది.

"మ్మ్... మ... మహతి."

రాకెట్టు ఎవరి నెత్తి మీదో పడింది.

"స్టాచ్యూ!" అని అరిచాడొకడు. "మళ్లీ ఆపండి టీచర్!"

"ముక్కు దురదెట్టింది టీచర్," అంది ముందు బెంచీ పిల్ల, ఏడుపు మొహంతో. "గోక్కోవాలనుంది. సెయ్యి రాలేదు."

"నాకూ అంతే," అంది మహతి. "రోజూ."

క్లాసంతా నవ్వింది. తర్వాత పువ్వుల పాఠం. 'పరాగం' దగ్గర మళ్లీ అందరూ ఆగారు. ఈసారి ఎవరూ వెనక్కి చూడలేదు. రాజ్యలక్ష్మి కూడా వాళ్లలో ఒకతెగా, రెప్పలార్పుతూ కూర్చుంది.

గంట కొట్టాక రమేష్‌బాబు మెడ రుద్దుకుంటూ లేచాడు. "ఈ సెక్షన్ ఇంత కుదురుగా కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు. సోమవారం నుంచి రా అమ్మా." వెనక్కి తిరిగాడు. "మీరు రానక్కర్లేదండి."

రాజ్యలక్ష్మి తలూపి వరండా మెట్లు దిగుతోంది. లోపల ఆయన అడుగుతున్నాడు: "మధ్యాహ్నం భోజనం ఎలా? హోటల్లోనా?"

"కాదండీ, బా..."

రాజ్యలక్ష్మి పాదం ఒకటి మెట్టు మీద, ఒకటి గాల్లో. బాక్సు. కట్టేది తనే, ఆ మాట ఏదో ఆమెకి తెలుసు. తెలిసినా నోటి దాకా రానివ్వలేదు. గాల్లో పాదంతో, పిల్ల చెప్పేదాకా నిలబడింది.