సభలో చనిపోయిన మనిషి

మిట్టమధ్యాహ్నం ఎండలో మిరపకాయల తొడిమలు తీస్తూ కరీమున్ ఆగకుండా దగ్గుతోంది. కొంగు ముక్కుకు బిగించి కట్టుకుంది కానీ ఘాటు ఆగితేగా. రోజంతా కూర్చుంటే మూడు వందల యాభై. ఆ దగ్గులోనే మేస్త్రీ కోటేష్ కేకేశాడు.

"కరీమున్, ఇట్రా! ఢిల్లీ సారు మనిషి వచ్చాడు."

ఢిల్లీ సారంటే రాజ్యసభ సభ్యుడు బుల్లయ్యగారు. కరీమున్ పనిచేసే ఈ మిరప కోల్డ్ స్టోరేజీ ఆయన బావమరిదిదే. ఆరేళ్ల పదవి ముగిసిందని గుంటూరులో సన్మానం పెట్టారు. వచ్చినవాడు ఆయన పీఏ చైతన్యకృష్ణ. చేతిలో నున్నటి కాగితాల సన్మాన సంచిక. సారు సభలో అడిగిన ప్రశ్నలు మూడు వందల పన్నెండట. వాటి తర్వాతి పేజీ తీసి చదివాడు.

"పురుగుమందు కొడుతూ ప్రాణాలు వదిలిన కూలీ గౌస్ బాషా గురించి మూడు నిమిషాలు మాట్లాడి సభను కంటతడి పెట్టించారు."

"మా ఆయన బతికే ఉన్నాడు గదండీ!" అంది కరీమున్.

"తెలుసమ్మా. నాలుగేళ్ల కిందట ఆస్పత్రిలో డాక్టర్లు ఆశ వదులుకున్నారని నువ్వే చెప్పావు. మర్నాడే సారుకి మాట్లాడే అవకాశం వచ్చింది. ఆగితే మళ్లీ దొరకదు, మాట్లాడేశారు."

"బతికాడని ఫోన్ చేసి చెప్పాను గదా."

"చెప్పావు. అప్పటికే పేపర్లన్నీ మెచ్చుకుంటూ రాశాయి. లేదు, బతికాడని సభలో లేచి చెబితే ఏం బాగుంటుంది?"

స్ప్రే కూలీలకు ముఖానికి తొడుగులు ఇవ్వాలని ఆ రోజు బుల్లయ్యగారు అడిగారు. పరిశీలిస్తామని మంత్రిగారు జవాబిచ్చారు. తొడుగులు ఇంతవరకూ ఎవరి ముక్కుకూ రాలేదు. గౌస్ బాషా చావు మాత్రం రికార్డులో పదిలంగా ఉంది. మనిషేమో నరాలు దెబ్బతిని, కాళ్లూ చేతులూ వణుకుతూ మంచంలో ఉన్నాడు.

"ఆదివారం స్టేజీ మీద సారు నీకు కుట్టుమిషను ఇస్తారు. గాజులూ నల్లపూసలూ తీసేసి రా. మీ ఆయన్ని బయట ఎవరికీ కనపడనీకు."

"రాకపోతే సోమవారం నుంచి పనిలోకి కూడా రామాక," అన్నాడు కోటేష్ తాపీగా.

సాయంత్రం ఈ మాట చెబితే గౌస్ బాషా మండిపడతాడనుకుంది. అతను గోడకేసి చూస్తూ అన్నాడు.

"ఎల్లు. పని పోతే ఏం తింటాం? ఒక్క పూట చచ్చిపోతే నాకేం పోయిద్ది?"

అంటూ ఆమె మెడలోని నల్లపూసలు తానే తీయబోయాడు. వేళ్లు వణికి కొక్కెం దొరకలేదు. మళ్లీ ప్రయత్నించాడు. "ఇక ఆపు," అని కరీమున్ ఆ చేతులు పట్టుకుంది.

ఆదివారం హాలు కిక్కిరిసింది. గాజులతోనే స్టేజీ ఎక్కిన కరీమున్‌ని చూసి పీఏ ముఖం మాడిపోయింది. గడ్డం దాకా దండలు వేయించుకున్న బుల్లయ్యగారు అవేమీ చూసుకోలేదు. "ఈ తల్లి కన్నీళ్లు ఢిల్లీ దాకా తీసుకెళ్లాను," అని మైకు ఆమెకిచ్చారు.

ఆమెకు సోమవారం పని గుర్తొచ్చింది. అయినా అంది.

"మా ఆయన బయట ఆటోలో కూర్చున్నాడండీ. ఒక్కడే దిగలేడు. ఎవరన్నా సాయం పట్టండి."

ఎవరూ కదల్లేదు. బుల్లయ్యగారు ఆరేళ్లు సభలో ఊరికే కూర్చోలేదు మరి, తడబడలేదు. మైకు అందుకుని ఆమె తల మీద చెయ్యి వేశారు. "పాపం, భర్త పోయిన దుఃఖంలో మతి చెదిరింది. ఇంకా బతికే ఉన్నాడనుకుంటోంది."

ముందు వరుసలో ఒకావిడ కళ్లొత్తుకుంది.

కరీమున్ కుట్టుమిషను ముట్టుకోలేదు. స్టేజీ దిగి బయటికి నడిచింది. ఆటో డ్రైవరు ఒక చంక, తనొక చంక పట్టి గౌస్ బాషాను దించి గుమ్మం దాకా నడిపించారు. కోటేష్ తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు.

"తప్పుకో," అంది కరీమున్.

లోపల బుల్లయ్యగారు కీర్తిశేషుడు గౌస్ బాషా ఆత్మశాంతి కోసం అందరినీ రెండు నిమిషాలు లేచి నిలబడమన్నారు. కుర్చీలు కదిలిన చప్పుడు, ఆ వెంటనే నిశ్శబ్దం.

గుమ్మం బయట, భార్య భుజం మీద బరువంతా వేసి, గౌస్ బాషా కూడా నిలబడి ఉన్నాడు.